ఎర్రమ్మ కథకు జంపయ్య ఊకొట్టిన వైనం

స్వస్తిశ్రీ విరోధి నామ సంవత్సర శ్రావణ మాసాన, పొద్దుగూకు వేళ, గోదావరికి దక్షిణాన, భద్రాద్రికి పడమట, జూలూరుపాడుకు తూర్పున, టేకు మద్ది ఇప్ప వృక్షాలు సూర్యకిరణాలను గుమ్మంలోనే నిలబెట్టి లోనికి రానీయని మహారణ్యసీమలో, గుండ్లవాగు ఒడ్డున, ఇప్పలగుంపు అనే కుగ్రామంలో, యాభై వాట్ల ప్రచండ ప్రతాపంతో ఇరుగట్లనూ ఏలుచున్న వాగుగట్టు రేడియో కేంద్రపు వీరచరిత్రను వినిపించెదను. రసజ్ఞులారా, చెవులు రిక్కించుడు. దగ్గు వచ్చువారు ముందే దగ్గివేయుడు. కారణం మీకే తెలియగలదు.

పైకి చూడబోతే ఆ కేంద్రం రెండు గదులు, ఒక రేకుల కప్పు, ఒక ఇనుప స్తంభం. కాని లోపలి గది వైభవం చెప్పనలవి కాదు. నాలుగు గోడలకూ గోనెసంచుల కవచం, ఆ కవచంపై హాస్టలు వంటశాల నుండి అడిగి తెచ్చిన కోడిగుడ్ల అట్టల అలంకారం, తలుపునకు పాత బొంత. ఈ నిశ్శబ్ద దుర్గానికి అధిపతి జంపయ్య. ధ్వనిశత్రుసంహారి, కుక్కుటగర్వభంజనుడు, మౌనవ్రతదీక్షాధురంధరుడు అగు ఈ మహావీరుడు హైదరాబాదులో శిక్షణ పొంది, మైకు ముందు మాట్లాడువారి గొంతు తప్ప మరో శబ్దం పడరాదనే మహామంత్రాన్ని వెంట తెచ్చుకొనెను. నాటినుండి అతడు చేయని యుద్ధం లేదు. గుంపులోని, అనగా ఆ పల్లెలోని, కోళ్లన్నిటినీ తరిమెను. రేకులపై గడ్డి పరచి వానను జయించెను. పక్కింటి రోకలిని బతిమాలి లొంగదీసెను. అట్టివానిని మూడు చెరువుల నీళ్లు తాగించినది ఒకే ఒక్క అక్షరం.

ఆ గుంపులో ఎర్రమ్మ అనే వృద్ధ వనిత కలదు. వానకాలపు నాట్లు ముగిసిన పిదప, తమ పెద్దలు గోదావరి దాటి ఈ అడవి చేరిన కథను చెప్పుట ఆ ఇంటి ఆనవాయితీ. చెప్పునది ఎర్రమ్మ. వాగు అవతలి గుంపునకు కోడలిగా పోయిన అక్క ముత్తమ్మ పుట్టింటికి వచ్చి, ఎదుట కూర్చుండి ఊ కొట్టును. తల్లి పోయిన నాటినుండి ఇదే ఏర్పాటు. ఈ ఏడు ముత్తమ్మ తుంటి విరిగి మంచం పట్టెను. వాగు పొంగి దారి మూసెను. తెప్ప నడుపు పోతయ్య ఒంటరిగానైతే ప్రవాహానికి ఎదురొడ్డగలడు గాని, ముసలమ్మను ఎక్కించుకొనుటకు అతనికీ గుండె చాలలేదు.

ఆ పోతయ్యే ముత్తమ్మ కబురు తెచ్చెను. "మల్లొచ్చే వానలకు నేనుంటనో లేనో. ఈపారి కథ రేడియోల చెప్పమను, మంచంల పండుకొనే ఇంటనన్నది" అని చెప్పెను. ఎర్రమ్మ కొంగుతో కళ్లు తుడుచుకొని, తిన్నగా రేడియో గదికి నడిచెను.

ప్రసారం మొదలైనదని తెలుపు ఎర్రదీపం వెలిగెను. గాజుపలక అవతల జంపయ్య. అతని పక్కన మీటల మీద చేతులుంచి పుష్పలత, ఆ కేంద్రపు రెండవ ఉద్యోగిని, సగం సైన్యం. లోపల ఒంటరిగా ఎర్రమ్మ. ఆమె గొంతు సవరించుకొని, గోదారి అవతల మనవాళ్లు ఇండ్లు కట్టుకొని ఉండిరని ఒక్క వాక్యం పలికి ఆగెను. ఆగినది ఆగినట్లే కూర్చుండెను. జంపయ్య కానిమ్మని చేతులు ఊపెను. ఈగలను తోలుకొనుచున్నాడని ఆమె తలచెను. అదే వాక్యాన్ని మరింత గట్టిగా పలికి మళ్లీ ఆగెను. ఇరుగట్లపై రేడియోలు గుర్రుమనుచుండగా, పుష్పలత విధిలేక పత్తిచేనుకు పట్టిన పురుగుల గురించిన పాత ప్రసంగాన్ని గాలిలోకి వదిలి కేంద్రం పరువు కాపాడెను.

బయటికి వచ్చిన ఎర్రమ్మ మండిపడెను. "ఊ కొట్టేటోళ్లు లేకుంటె ఎవలకు చెప్పాలె కొడకా? గోడకు చెప్పాల్నా?"

"రెండు గుంపులు ఇంటున్నయ్ అవ్వా" అనెను జంపయ్య.

"ఇంటున్నట్టు నాకెట్ల ఎర్క?"

ఈ ప్రశ్నకు హైదరాబాదు శిక్షణలో సమాధానం చెప్పి ఉండలేదు.

మరునాడు ఎర్రదీపం ఆర్పి వ్యూహరచన సాగెను. మొదట శిరఃకంపనాస్త్రం: పుష్పలత ఎదుట కూర్చుండి నోరు మెదపక తల ఊపవలెను. సంతలో గొర్రె కూడా తల ఊపునని ఎర్రమ్మ ఆ అస్త్రాన్ని తుంచివేసెను. పిదప సూత్రబంధాస్త్రం: ముసలమ్మ కాలి బొటనవేలికి దారం కట్టి, ఊ అనవలసిన చోట బయటినుండి లాగవలెను. లాగిన ప్రతిసారీ ఆమె కథ మాని వంగి కాలికింద తేలును వెతికెను. చివరిది యంత్రాస్త్రం. పుష్పలత తన ఊకారాన్ని రికార్డు చేసి మీట నొక్కి వినిపించగా, అది వాక్యం మధ్యలోనే దూకెను. వినువాడు కథకంటే ముందు పోవుచున్నాడనియు, అంత తెలిసినవానికి చెప్పుట దేనికనియు ఎర్రమ్మ అలిగి, ముడి వేసిన కొంగు సర్దుకొని లేచిపోయెను. జంపయ్య అస్త్రాలన్నీ అయిపోయెను. కోడిగుడ్ల అట్టలు మాత్రం గోడలకు చెక్కుచెదరక నిలిచి ఉండెను.

అంతలో పోతయ్య తడిబట్టలతో వచ్చి అవతలిగట్టు వార్త వినిపించెను. నిన్నటి సాయంత్రం ముత్తమ్మ రేడియోను తలాపున పెట్టించుకొని పడుకొన్నదట. చెల్లెలు ఆగిన చోటనల్లా ఊ కొట్టినదట. కథ ఎంతకూ కదలకపోగా, పత్తిపురుగులు వచ్చి పడినవట. "నేను ఊ అన్న గద, దానికి ఇనవడలేదా, నామీద కోపమొచ్చిందా అని తెల్లారేదాక ఏడిసింది" అని పోతయ్య ముగించెను.

జంపయ్యకు సిగ్గు వేసెను, నిజంగా వేసెను. ఆ ముసలిది వాగు అవతలినుండి ఊ కొట్టుచుండగా, ఆ ఒక్క శబ్దాన్ని తేలేని యంత్రానికి తాను కాపలా కాయుచున్నాడు.

ఆ సాయంత్రం మళ్లీ ఎర్రదీపం వెలుగనుండగా, జంపయ్య పుష్పలతతో, "జర ఆ కుర్చీ ఇటియ్యి" అనెను. అతడు పలికినది ఇంతే. కాని ఆ పలుకులో అణగియున్న భావాన్ని విప్పి చెప్పినయెడల ఇట్లుండును: "ఓ నిశ్శబ్దదేవతా! నీకొరకు కోళ్లతో పోరితిని, వానతో తలపడితిని, రోకలికి దండం పెట్టితిని. నేడు నీ గర్భాలయంలోకి నా గొంతుతో ప్రవేశించుచున్నాను. క్షమింపుము. క్షమింపకున్నను ఆగను."

అతడు కుర్చీ ఈడ్చుకొని లోపలికి పోయి, ఎర్రమ్మ ఎదుట కూర్చుండెను. ఆ ఈడ్చిన చప్పుడు కూడా గాలిలో కలిసి ఇరుగట్లకూ చేరెను. ఎర్రమ్మ తొలి వాక్యం పలికి ఆగెను. జంపయ్య నోరు తెరచెను. ఇన్నాళ్ల దీక్ష అడ్డుపడెను. అప్పుడు, మేఘగర్జనను ధిక్కరించుచు, కనీసం తన చెవులకైనా అట్లు తోచగా, జంపయ్య అనెను:

"ఊఁ."

కథ కదిలెను. కదిలి, పరుగెత్తెను. గోదావరి పొంగెను, పెద్దలు వెదురుతెప్ప కట్టిరి, చంటిబిడ్డను తలపై పెట్టుకొని నడుమ ప్రవాహంలో నిలిచిరి. ఊ కొట్టుచు కొట్టుచు జంపయ్య కథలో మునిగి, ఆ బిడ్డ ఏమగునోనన్న ఆత్రంలో ఒకచోట ఊ కొట్టుటే మరచెను. పుష్పలత తల పట్టుకొనెను. ఎర్రమ్మ ఆగెను. పొంగిన వాగు వైపునకు ముఖం తిప్పి, క్షణం చెవి ఒగ్గి, తనలో తాను నవ్వుకొని ముందుకు సాగెను. బిడ్డ గట్టెక్కెను. కథ ముగిసెను. దీపం ఆరెను.

ఊ లేకుండా ఎట్లు సాగితివని పుష్పలత అడుగగా, "మా అక్క కొట్టింది" అనెను ఎర్రమ్మ.

ముసలితనపు మాట అని వారు ఊరకుండిరి. తెల్లవారి పోతయ్య తెప్ప దిగుచునే ముత్తమ్మ మాటను అప్పజెప్పెను. "కథ మంచిగున్నదట. ఆ ఊ కొట్టిన పోరడు బిడ్డ మునిగేకాడ నిద్రపోయిండట. ఆడ నేనే కొట్టిన, చెల్లెకు చెప్పుమన్నది."

జయము, జయము! గుండ్లవాగు ఇరుగట్ల ప్రజలారా, వినుడు! కోటలు గెలిచినవారి పేర్లు శాసనాలకెక్కినవి. వాగుగట్టు రేడియో చరిత్రలో మాత్రం జంపయ్య గెలిచిన రాజ్యమే మొదటిది. దాని విస్తీర్ణం ఒక్క అక్షరం. అందులోనూ ఒకచోట ముత్తమ్మకు వాటా ఉన్నది.