పెరట్లో పేరు లేని పండు

రెండో శనివారం పొద్దున శాంసన్ నీళ్ల ట్యాంకు కడుగుదామని మేడెక్కాడు. అక్కడి నుంచి పెరట్లోకి చూసి చీపురు వదిలేశాడు. కాశిబుగ్గలో ఈ ఇల్లు కొన్ననాటి నుంచి ఆకులు రాల్చడం తప్ప మరో పని చేయని చెట్టు, గుబురు చాటున పసుపుపచ్చని పండ్లు కాసింది!

"జ్యోతీ! మన చెట్టు కాసిందే!" అని భార్యను కేకేస్తూ దిగి వచ్చాడు. ఫొటోలు తీసి, పేరేమిటని ఫోనునే అడిగాడు. ఫోను ఒక ఫొటోకు మామిడి అంది, ఇంకో ఫొటోకు నిమ్మ అంది, మూడోదానికి చిలుక అంది. శాంసన్ ఉత్సాహం ఇసుమంతైనా తగ్గలేదు. వాడకట్టు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. వెంటనే పక్కింటి మహిపాల్ తల గోడ మీద ప్రత్యక్షమైంది.

"అన్నా, ముట్టకు! గది విషముష్టి. మా ఊరి గుట్ట మీద మస్తుంటయి. తింటే పాణం పోతది!"

శాంసన్ తల్లి రాహేలు వంటింట్లోంచి వచ్చింది. "ఏం విషంరా? పొద్దుగాల కొన్ని తెంపి, పాలల్ల పిసికి చక్కెరేసిన. నేను తాగిన, కోడలు తాగింది. మంచిగుండె."

జ్యోతి కడుపు పట్టుకుంది. "అత్తమ్మా! మామిడి జ్యూసని ఇస్తివి గదా!"

"అట్ల చెప్పకుంటే నువ్వు తాగుతవా బిడ్డా?" అని రాహేలు గోడవైపు తిరిగింది. "మహిపాలూ, నువ్వు సుత రెండు గ్లాసులు తాగితివి గద?"

గోడ మీది తల మాయమైంది. అవతల బకెట్ బోర్లాపడిన చప్పుడైంది.

అందరినీ ఆటోలో కుక్కి శాంసన్ దవాఖానకు బయల్దేరాడు. జ్యోతి ఏడుస్తోంది. మహిపాల్ "నాకు కండ్లు కనబడ్తలేవు" అంటూనే డ్రైవర్‌కు అడ్డదారులు చూపిస్తున్నాడు. శాంసన్ ఒక చేత్తో పండు, ఇంకో చేత్తో తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, ఎట్లున్నదే?"

"ఆకలైతాందిరా."

డాక్టర్ పండును చీల్చి, వాసన చూసి, నోట్లో వేసుకున్నాడు. శాంసన్ ఆయన చెయ్యి పట్టుకుని లాగాడు.

"సార్! విషం సార్!"

"ఏం విషమయ్యా! గుడ్డుపండు ఇది. లోపల ఉడికిన గుడ్డు సొన లెక్కుంటది. మా అత్తగారింట్ల రెండు చెట్లున్నయి. ఫికర్ జెయ్యకుండ్రి."

అప్పటికే సెలైన్ ఎక్కించుకుంటున్న మహిపాల్ మంచం మీద లేచి కూర్చుని, ఖాళీగా ఉన్న చేత్తో ఆ శుభవార్త గ్రూపులో పెట్టాడు.

వాళ్లు ఇంటికొచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. చెట్టుకు ఆకులే మిగిలాయి.

ఇప్పుడు ఆ వాడకట్టులో గుడ్డుపండు రుచి తెలియనిది, ఆ చెట్టు యజమాని ఒక్కడికే.