నూటికి ముప్పై ఒకటి వచ్చిన గుండె

గుండె మనిషి ఛాతీలో ఉంటుందని ఇన్నాళ్లూ పొరబడ్డాం. అది యాప్‌లో ఉంటుంది. ఈ సంగతి హృదయ పోషణ పర్యవేక్షణ విభాగం (ఉందనడానికి రబ్బరు స్టాంపే సాక్ష్యం) ఆగిరిపల్లి చుట్టుపక్కల ఊళ్లకి అధికారికంగా తెలియజేసింది.

నియమం సులువు. ప్రతి గుండెకీ ఫోనులోని యాప్ నూటికి మార్కులు వేస్తుంది. తిండికి యాభై, నడకకి యాభై. నలభై దాటితే ఎప్పటిలా బీపీ బిళ్ళలు ఇస్తారు. దాటకపోతే బిళ్ళలు ఆపేసి, మూడు నెలలు చేపనూనె క్యాప్సూళ్లు మింగిస్తారు. జబ్బుకి మందు కావాలంటే ముందు ఆరోగ్యంగా ఉండి అర్హత సంపాదించుకోవాలన్నది విభాగం వారి ఆశయం.

మా పొరుగింటి సువర్ణరాజుకి ముప్పై ఒకటి వచ్చింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. తెల్లారకముందే మామిడి తోటలో దిగి, వల సంచి కట్టిన చిక్కం కర్రతో కాయలు కోసి, నిండిన ట్రేలు భుజాన మోసి వ్యాన్‌కి చేరుస్తాడు. ఫోను మాత్రం స్కూటర్ డిక్కీలో ఉంటుంది. సొన పడితే అద్దం పాడవుతుంది, చెట్టు మీంచి జారితే ఫోనే ఉండదు కాబట్టి తోటలో అందరూ అలాగే పెడతారు. యాప్ లెక్క ప్రకారం ఆయన రోజంతా డిక్కీలో పడుకుని ఉంటాడు.

తిండి జాబితాలో ఓట్స్, బాదం, అవకాడో, సాల్మన్ చేప ఉన్నాయి. పప్పన్నం లేదు. పాపం, ఆయన 'ఇతరములు' నొక్కాడు. ఇతరములు గుండెకి హానికరమని ఎర్రక్షరాల్లో వచ్చింది. మామిడిపండు వారానికి రెండు ముక్కలు మించరాదు. (నూజివీడు ప్రాంతంలో ముక్క అంటే ఎంత అన్నది పైవారి పరిశీలనలో ఉంది.)

విభాగం పర్యవేక్షకులు శశాంక్ గారికి తొంభై ఆరు మార్కులు. రోజూ ఓట్స్‌కి ఫొటో తీసి, గిన్నె పక్కన పెట్టి, పునుగులు తింటారు. ఫోను చొక్కా జేబులో వేసుకుని మోటార్ సైకిల్ మీద ఊళ్లు తిరుగుతారు. గోతికి మూడు అడుగుల చొప్పున యాప్ లెక్క వేస్తుంది. మా రోడ్ల పుణ్యాన ఆయన రోజుకి పన్నెండు వేల అడుగులు నడుస్తున్నారు.

మొన్న ఆయన తోటకి తనిఖీకి వచ్చారు. కాయల కోసం వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. సువర్ణరాజుకి బిళ్ళలు అయిపోయి నాలుగు రోజులైంది. కళ్లు తిరుగుతున్నాయని చెట్టెక్కడం మానేసి కింద నుంచే కోస్తున్నాడు. ఆయన భార్య సుసన్నా నేరుగా వెళ్లి శశాంక్ గారి ముందు నిలబడింది.

"మా ఆయనకి నడక లేదంటారేంటండీ? ఈ ట్రేలన్నీ ఎవరు మోశారనుకుంటున్నారు?"

"రికార్డులో లేదమ్మా" అన్నారాయన ఎంతో ఓపిగ్గా. చేపనూనె అందినట్టు వేలిముద్ర వేయమని సువర్ణరాజు ముందుకి మిషన్ చాపారు. ముప్పై ఏళ్లుగా సొనకి కాలిన వేళ్లు అవి, గీతలు ఎప్పుడో పోయాయి. మిషన్ ఎనిమిది సార్లు 'మనిషి గుర్తింపబడలేదు' అంది. నాకు ఒళ్లు మండింది. కానీ నా మార్కులు నలభై రెండే కాబట్టి ఊరుకున్నాను.

తొమ్మిదోసారి మిషన్ ఎత్తబోతూ శశాంక్ గారు ఛాతీ పట్టుకుని ట్రేల మీద కూలబడ్డారు. ఒళ్లంతా చెమటలు. తోటలోకి ఆటో గానీ బండి గానీ రాదు. సువర్ణరాజు చిక్కం కర్ర అవతల పడేసి, ఆయన్ని భుజాన వేసుకుని రోడ్డు వైపు పరుగెత్తాడు. వెనకాలే నేనూ ఉరికాను.

"రాజు గారూ, మీ దగ్గర బిళ్ళ ఏమన్నా ఉందా?" అని భుజం మీంచి శశాంక్ గారు నెమ్మదిగా అడిగారు.

"అయిపోయి నాలుగు రోజులైందండీ" అన్నాడు సువర్ణరాజు రొప్పుతూ.

వేళకి ఆసుపత్రికి చేర్చాం కాబట్టి శశాంక్ గారు బతికారు. (అక్కడి డాక్టరు మార్కులు అడగలేదు. ఆ విభాగం వేరు.) ఫోను ఆయన జేబులోనే ఉంది. తోట నుంచి రోడ్డు దాకా తీసిన పరుగంతా అడుగు పోకుండా నమోదు చేసుకుని, యాప్ ఆయనకి తొంభై ఎనిమిది వేసింది.

సువర్ణరాజు ఆ రోజు కూడా డిక్కీలోంచి కదలలేదు కాబట్టి, చేపనూనె మూడు నెలల్ని ఆరు చేశారు.