బస్సు నడపని డాక్టరు

సమానత్వమనేది ఏ దేశంలోనైనా తపాలాలోనే వస్తుంది, సంతకం పెట్టి తీసుకోవాలి. బోస్టన్‌లో మా ఇంటికి మంగళవారం ఉదయం వచ్చింది. అప్పటికి మాకు పెళ్లయి పంతొమ్మిది రోజులు.

మావారు లూషస్ టాలివర్ మానసిక వైద్యులు. మా నల్లవాళ్లను ఆస్పత్రుల్లో మనుషుల్లా చూడాలనీ, టీవీలో అలాగే చూపించాలనీ పదిహేనేళ్లుగా రాస్తున్నారు. ఒక నల్ల డాక్టరు కుటుంబం మీద తీయబోయే సీరియల్‌కు ఆయన్ను సలహాదారుగా నియమించినట్టు ఆ ఉత్తరం. సంతోషం పట్టలేక, రాత్రికని చేసిన పీచ్ కాబ్లర్ అనే పళ్ల మిఠాయిని పొద్దున్నే గిన్నెలోంచే తినేశాం.

మావారి మొదటి సలహా, ఆ ఇంట్లో పుస్తకాల బీరువా ఉండాలని. టీవీ సంస్థ నమ్మకాల శాఖాధిపతి హాస్కెల్‌గారు ప్రేక్షకుల్ని విచారించి, మూడు పుస్తకాల వరకు అనుమతించారు. భోజనాల దగ్గర ఎవరూ అరుచుకోకూడదన్నది రెండోది. ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందని ప్రేక్షకులు అనుకుంటారేమోనని హాస్కెల్‌గారు భయపడ్డారు గానీ, ఒప్పుకున్నారు.

చిక్కు డాక్టరు పాత్ర దగ్గర వచ్చింది. ప్రేక్షకుల్లో నూటికి ఎనభై ఇద్దరు ఆ పాత్రను నమ్మలేదు. (పక్క కార్యక్రమంలో మాట్లాడే కుక్కను అందరూ నమ్మారు.) కనుక పాత్రను బస్సు డ్రైవరుగా మారుస్తామని హాస్కెల్‌గారు ఫోన్ చేశారు.

"నేను డాక్టర్నే కదండీ," అన్నారు మావారు.

"మీదేముందండీ, మీరు నిజం. మాకు నమ్మేలా ఉండాలి."

అయితే సంస్థ నియమావళిలో ఒక వెసులుబాటు ఉంది. నిపుణులెవరైనా మావారిని చూసి, డాక్టరులాగే ఉన్నారని రాసిస్తే పాత్ర డాక్టరుగానే ఉంటుంది. ఆ నిపుణులు డన్నింగ్‌గారు, తెల్లాయన. పదకొండేళ్లుగా మధ్యాహ్నం సీరియల్‌లో సర్జన్ వేషం వేస్తున్నారు. ఆపరేషన్ ఎప్పుడు చేయించుకోమంటారని జనం ఆయనకు ఉత్తరాలు రాస్తారు.

పరీక్ష రేపు పదింటికి. డిగ్రీలు అక్కర్లేదట, స్టెతస్కోపు మాత్రం ఉండాలట. మానసిక వైద్యుడికి అదెందుకో తెలియక, పక్కింటి నర్సమ్మను అడిగి తెచ్చాను. మావారు దాన్ని మెడలో వేసుకుని అద్దం ముందు నిలబడ్డారు.

"నవ్వకు, వెల్మా."

"నవ్వట్లేదు. కోటు ఇస్త్రీ చేస్తున్నా."

నిపుణులవారు కాదంటే, పాత్ర బస్సెక్కుతుంది. మావారు సలహాదారుగానే కొనసాగుతారు, బస్సు ఎలా నడపాలో చెప్పడానికి. అందుకే ఎందుకైనా మంచిదని రేపు స్టూడియోకి బస్సులో వెళ్తున్నాం. డ్రైవరు వెనక సీటు ఆయనది.