పూడ్చిన కంత

ఒక పెద్ద అడవిలో, పొద్దున తొమ్మిదీ ఇరవైకి, తాబేలు కాంతమ్మ కంతలో కాస్త ఎడమకు సర్దుకుని కూర్చుంది. మడుగు కట్టకు పందికొక్కులు తవ్విన కంత అది. కంత సైజూ కాంతమ్మ డిప్ప సైజూ ఒకటే. నలభై రోజులుగా అందులోనే ఉంది. లేస్తే మడుగు ఖాళీ. ఎండాకాలంలో ఆ అడవికి వేరే నీళ్లు లేవు.

కంతకు ఒక రాయి పెట్టించమని పంచాయతీకి మూడు అర్జీలు పంపింది. ఆ పొద్దున కార్యదర్శి కొంగ శేషయ్య స్వయంగా వచ్చాడు.

"అక్కా, శుభవార్త!"

"రాయి తెచ్చావా?"

"రేపు సభలో నీకు సన్మానం. ఉత్తమ స్వచ్ఛంద సేవకురాలు!"

"రాయి సంగతి చెప్పు."

"అజెండాలో ఉందక్కా. ఎనిమిదో అంశం సన్మానం, తొమ్మిదోది ప్రజా సమస్యలు. నువ్వే లేచి అడుగు."

"నేను లేస్తే ఇక్కడ కంతో?"

"ఎంతసేపు, గంట. ఇంత బంకమట్టి మెత్తి రా."

బంకమట్టి గంట ఆగుతుందని కాంతమ్మకు తెలుసు. గంటన్నర ఆగదనీ తెలుసు. అడగడానికి వేరే దారి లేదు కనుక వెళ్లింది.

సభ కట్ట కింది పల్లంలోనే పెట్టారు. అధ్యక్షులు అడవిదున్నగారు ముప్పావుగంట ఆలస్యంగా వచ్చి, మిగతా పావుగంటా మాట్లాడారు.

"నలభై రోజులు కాంతమ్మగారు కూర్చున్నారు. ఆమె వెనక మనమంతా నిలబడ్డాం."

"ఎక్కడ నిలబడ్డారయ్యా? కట్ట మీద ఒక్క గిట్ట గుర్తు లేదే!" అని వెనక వరసలోంచి ముళ్లపంది అరిచింది.

"కూర్చోవయ్యా, సభామర్యాద!" అన్నాడు కొంగ.

దండ వేశారు. విలేఖరి కాకి సరిగా చూడలేదంటే తీసి మళ్లీ వేశారు. మోదుగాకుల శాలువా కప్పారు. ఆఖరున నల్లరాతి జ్ఞాపిక దొర్లించుకొచ్చారు.

"సరిగ్గా అక్క డిప్ప కొలతకే చెక్కించాం," అని కొంగ గర్వంగా చెప్పి, దాని మీది అక్షరాలు చదివాడు: "మడుగు కట్ట కంత పూడ్చిన కాంతమ్మగారికి."

"పూడ్చిన కాదు శేషయ్యా, పూడుస్తున్న," అంది కాంతమ్మ.

"ఒక్క అక్షరం తేడాకేముందక్కా!"

"నేనిక్కడున్నాను. అక్కడ కంత తెరిచి ఉంది. అదీ తేడా."

కొంగ అజెండా తిప్పాడు. "తొమ్మిదో అంశం, కట్టకు కంత. ఎనిమిదో అంశం ప్రకారం పూడ్చడమైనది. కాబట్టి చర్చ లేదు."

చప్పట్లు ఇంకా ఆగకముందే ముందు వరస కుందేళ్లు కాళ్లు పైకెత్తాయి.

"ఎండకని నీళ్లు చల్లించిన కార్యదర్శిగారికి అభినందనలు," అన్నారు అధ్యక్షులు. తర్వాత మోకాళ్ల దాకా బురదలో దిగబడ్డారు. వేదిక కొట్టుకుపోయింది.

"ఓ చెయ్యెయ్యి నాయనా," అంది కాంతమ్మ. ముళ్లపంది వచ్చింది. ఇద్దరూ జ్ఞాపికను కట్ట మీదికి తోసుకెళ్లి కంతలోకి దించారు. ఆవగింజ సందు లేకుండా పట్టింది. మడుగులో సగం నీళ్లు మిగిలాయి. నలభై రోజుల తర్వాత కాంతమ్మ మొదటిసారి మేతకు వెళ్లింది.

నాలుగో రోజు కాకి వచ్చి ఒక తీర్మానం సంగతి చెప్పింది. కంత పూడ్పించినందుకు వచ్చే సభలో కార్యదర్శి కొంగ శేషయ్యకు సన్మానం. కొత్త రాయి చెక్కించే వ్యవధి లేదు కనుక, కట్టలో ఉన్నదాన్నే తీయించి పేరు మార్పిస్తారు.

ఆ సాయంత్రం నుంచి కాంతమ్మ రాయికి అడ్డంగా కూర్చుంది.

నీతి: సేవ చేసినవాళ్లు మేతకు వెళ్లవచ్చు; వచ్చిన సన్మానానికి కాపలా కాసేవాళ్లకు ఆ వీలుండదు.