కరెంటు అని రాస్తే సున్నా

కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి మనుషులు అక్కర్లేదని నేను చాలాకాలంగా మొత్తుకుంటూనే ఉన్నాను. నా మాట ఇంట్లో ఎలాగూ ఎవరూ వినరు. మా ఊరి డిగ్రీ కాలేజీ విన్నది!

ఫిజిక్సు మాస్టారు రిటైరయ్యాక ఆ ఖాళీలో ఎవరిని వేయాలా అని కమిటీ తల పట్టుకుని, చివరికి ఒక ఏఐని తెచ్చి పెట్టింది. మెల్లగా మిగతా సబ్జెక్టులూ దానికే అప్పగించింది. ఇంగ్లీషులో ఉన్న పాఠాన్ని అదే తెలుగు చేస్తుంది, అదే చెబుతుంది, పరీక్ష పెట్టి అదే దిద్దుతుంది. సెలవు అడగదు. టీ అడగదు. ట్రాన్స్‌ఫర్ కోసం ఎవరి చుట్టూ తిరగదు. ఇంతకన్నా ఏం కావాలి మనకు?

పైగా దాని తెలుగు! 'తీగలో ప్రస్తుతం ప్రవహించును' అని చెప్పింది. ఇంగ్లీషులో కరెంటంటే ఇప్పటిది అనే అర్థం కూడా ఉంది కదా, దాన్ని ఏరుకుంది. పవర్ ప్లాంటును 'శక్తి మొక్క' చేసింది. శక్తి మొక్కలో ప్రస్తుతం పుడుతుందట. ఇన్నేళ్లూ కరెంటాఫీసుకు ఫోన్లు చేసి గొంతు పోగొట్టుకున్నాం గానీ, ఆ మొక్కకు కాసిని నీళ్లు పోద్దామని మనలో ఎవరికైనా తోచిందా?

మా అక్క కూతురు చదివేది అక్కడే. ఇంట్లో ఫ్యాను ఆగినా మిక్సీ ఆగినా విప్పి ముందేసుకుని కూర్చునే పిల్ల. ఆఖరి పరీక్షలో ప్రతి జవాబులోనూ కరెంటు అనే రాసింది. సున్నా వచ్చింది. ఆ ఒక్క సబ్జెక్టుతో డిగ్రీ ఆగిపోయింది.

పిల్ల ఊరుకోక ఏఐనే నిలదీసింది. అదేమందో తెలుసా? 'మీరు చెప్పింది అక్షరాలా నిజం, నా పొరపాటుకు మన్నించండి' అంది. మా రోజుల్లో ఏ మాస్టారైనా స్టూడెంటుకు సారీ చెప్పిన పాపాన పోయాడా? ఆ మర్యాదకు నా కళ్లు చెమర్చాయి. మార్కులు మాత్రం మారలేదు. అవి మారాలంటే ఆఫీసుకు వెళ్లాలట. వెళ్లింది.

"మార్కుల సంగతి మాకేం తెలుసమ్మా, అదే వేసింది," అన్నాడు క్లర్కు.

"తప్పేనని అది ఒప్పుకుందండీ."

"ఒప్పుకుంది కదా, ఇంకేం కావాలి?"

చేసేదిలేక సప్లిమెంటరీలో బుద్ధిగా 'ప్రస్తుతం' అని రాసింది. ఫస్టు క్లాసు మార్కులొచ్చాయి! మనిషి మాస్టారైతే ఇంత త్వరగా దారికి తెచ్చేవాడా? మా అక్క ఇరుగుపొరుగుకు స్వీట్లు పంచింది. పిల్ల మాత్రం ఓ మూల ముఖం ముడుచుకుని కూర్చుంది.

"ఏమ్మా, పాసయ్యావుగా?"

"పాసయ్యాను మామయ్యా. కానీ మొదట రాసిందే కరెక్టని ఒక్క మాస్టారు నాతో అంటే చాలు. అక్కడ ఎవరైనా ఉన్నారేమో చూసి రావా?"

ఎంత పాతకాలపు కోరికో చూడండి! అయినా ఆ ముఖం చూసి కాదనడానికి మనసొప్పక కాలేజీకి వెళ్లాను. స్టాఫ్ రూమును ఏఐ తాలూకు మిషన్లకు ఇచ్చేశారట. వాటికి వేడి తగలకుండా లోపల ఏసీ వేసి ఉంది. కుర్చీ ఒక్కటి కూడా లేదు.