మూరెడు వైరు

ఆ ఉదయం చేయవలసిన పని చిన్నదే. కూతురు ముందుగదిలో కుట్టుమిషను ముందు కూర్చుని, చొక్కాకు కాలరు కుట్టడం ఎలాగో చెబుతుంది. తండ్రి దాన్ని వీడియో తీస్తాడు. మధ్యాహ్నంలోగా దాన్ని శిక్షణ కేంద్రానికి పంపేసి అందరూ భోజనానికి కూర్చుంటారు.

ముందుగదిలోని కుట్టు క్లాసు నిరుటి దాకా తల్లిది. ఆమె పోయాక కేంద్రం వాళ్ళు కొన్నాళ్ళు ఊరుకుని, తరువాత మర్యాదగానే కబురు చేశారు. కూతురు పాఠం చెప్పగలదో లేదో ఒక వీడియోలో చూస్తారట. చెప్పడం చేతకాదనిపిస్తే మిషన్లు తీసుకెళ్ళి మరోచోట పెడతారట. మిషన్లు కేంద్రానివే. చప్పుడు మాత్రం ఆ ఇంటిది. అది ఆగిపోయాకే, గోడగడియారం ఎంత గట్టిగా కొట్టుకుంటుందో తండ్రికి తెలిసింది.

కెమెరాను కూతురి స్నేహితురాలు ఎరువిచ్చింది. చేతిపిడి మీద నల్లని గుండ్రటి తల, అంతే. పట్టుకున్న చెయ్యి వణికినా తల వణకదు. దాని తెర తపాలా బిళ్ళంత ఉంటుంది కనుక, ఫోనుకు వైరుతో కలిపి ఫోనులో చూసుకుంటూ తీయమని చెప్పి, వైరు కూడా ఇచ్చి వెళ్ళింది. కూతురి ఫోను రిపేరులో ఉంది. తండ్రిది బటన్ల ఫోను. పెద్ద తెర ఫోను ఉన్న మేనమామను పిలవక తప్పింది కాదు.

చిక్కంతా అక్కడే ఉంది. బావాబావమరుదులకు కొన్ని నెలలుగా మాటల్లేవు. గోడకు పెట్టవలసిన ఫొటో దగ్గర తేడా వచ్చింది. ఆమె మెడలో టేపు వేసుకుని మిషను మీదికి వంగి ఉన్న ఫొటో పెద్దది చేయిద్దామని భర్త అన్నాడు. అందులో ముఖమే కనిపించదని, స్టూడియోలో తీయించుకున్నదే పెట్టాలని తమ్ముడన్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఖాళీగా కూర్చున్న మనిషిని తానెప్పుడూ చూడలేదని భర్త అన్నాడు. తన అక్క ముఖం చూడటానికి ఒకరి అనుమతి అక్కర్లేదని తమ్ముడన్నాడు. ఫొటో పెట్టవలసిన చోట ఒక మేకు మాత్రం మిగిలింది.

మేనమామ వచ్చాడు. వృత్తిరీత్యా ఎలక్ట్రీషియన్. ఆ ఇంట్లో ప్రతి వైరూ తాను లాగిందే. స్నేహితురాలు ఇచ్చిన వైరును రెండు వేళ్ళతో పైకెత్తి చూసి, దారప్పోగులా ఉందని పక్కన పడేశాడు. తన సంచిలోంచి టార్చిలైటుకు చార్జింగు పెట్టే వైరు ఒకటి తీశాడు. లావుగా, మూరెడు పొడవుంది. ఒక కొస ఫోనులో, రెండో కొస కెమెరాలో దోపాడు. ఫోనులో చార్జింగు గుర్తు వెలిగింది. కరెంటు పారుతోందంటే లైను బాగున్నట్టేనని ప్రకటించి, తెర మీద కెమెరా బొమ్మ కనిపిస్తే దాన్ని నొక్కాడు. మిషను, కిటికీ, కూతురు అందులో ప్రత్యక్షమయ్యారు. ఫోను తన కంటితో తాను చూస్తున్న గది అది. దానికీ వైరుకూ ఏ సంబంధమూ లేదని ఎవరికీ తోచలేదు.

"అమ్మడూ, నాకు కెమెరా పట్టుకోడానికే రెండు చేతులూ కావాలి. ఫోను ఆయన్ని పట్టుకోమను," అన్నాడు తండ్రి.

"నా ఫోను నేనెవరికీ ఇచ్చేది లేదని చెప్పమ్మా. కస్టమర్లు చేస్తుంటారు," అన్నాడు మేనమామ.

"ఇద్దరూ ఒకరి భుజానికి ఒకరు ఆనుకునే ఉన్నారు," అంది కూతురు. "నేను పాఠం మొదలెట్టాక మధ్యలో మీ కబుర్లు మోయలేను. మీ తిప్పలు మీరే పడండి."

తండ్రి బటన్ నొక్కాడు. చిన్న ఎర్రదీపం వెలిగింది. కూతురు నమస్కారం చెప్పి పాఠం మొదలుపెట్టింది. అంతా సవ్యంగానే ఉంది. కానీ తండ్రి చాలా ఏళ్ళు బస్సు నడిపినవాడు. స్టార్టయిందో లేదో అనుమానం వస్తే మళ్ళీ తిప్పి చూడటం చేతికి అలవాటు. పక్కనున్న మరో బటన్ కూడా టకటకా మూడుసార్లు నొక్కాడు. కెమెరా తల మెత్తగా వెనక్కి తిరిగి ఆయన వంకే చూసింది. ముక్కూ చెవులూ లేని తల ఎటు చూస్తోందో తెలియడం కష్టం. పైగా ఇద్దరి కళ్ళూ ఫోను మీదే ఉన్నాయి.

బల్ల చుట్టూ తిరుగుతూ తీయాలి. వైరు మూరెడే. ఒకరు అడుగు వేస్తే రెండో వారూ వేయాలి. మొదటి మూలలోనే వైరు బిగిసింది.

"రానీ," అన్నాడు మేనమామ నోట్లోనే. "రానీ, రానీ. కాస్త ఎడమకి. ఆపు."

వెనక నుంచి 'రానీ' అన్న మాట వినబడితే బండి కదిలించడమే తప్ప ఎదురు చెప్పడం తండ్రి ఎరగడు. అలా వాళ్ళ మధ్య మాటలు మొదలయ్యాయి.

కూతురు కాలరు ముక్కలు ఎత్తి చూపించింది. కుట్టాక లోపలివైపు బయటికి తిప్పే ముందు మూల దగ్గర మిగులు బట్టను ఎందుకు కత్తిరించాలో చెప్పమని అడిగి, తల్లి చేసినట్టే కాసేపు ఆగింది.

"ఎందుకంటావ్?" అన్నాడు తండ్రి గుసగుసగా.

"నన్నడిగితే?"

ఆమె ఒక కాలరును కత్తిరించకుండా తిప్పింది. మూల మొద్దుగా వచ్చింది. ఇంకోదాన్ని కత్తిరించి తిప్పింది. చక్కగా మొన తేలింది.

"ఇరుకు బావా," అన్నాడు మేనమామ. "మలుపులో పైపు నిండా వైర్లు కుక్కితే ఇరుక్కుపోతాయే, అలాగ. లోపల చోటు చెయ్యాలి."

"ఓహో," అన్నాడు తండ్రి. "సందులో బస్సు తిప్పడం లాంటిదన్నమాట." ఆయన ముఖం విప్పారింది.

కూతురు మిషను మీదికి వంగి కుట్టసాగింది. చక్రం తిరిగింది. ఇద్దరూ ఫోను తెర మీదికి వంగారు.

"మెడ వంచితే అచ్చం అక్కే," అన్నాడు మేనమామ. "ముఖం కనపడకపోయినా తెలుస్తోంది. నీ ఫొటోయే పెట్టించు బావా."

"వద్దులే. వచ్చినవాళ్ళకి ముఖం కనపడొద్దూ? నీదే పెట్టిద్దాం."

"నీదే అంటున్నానుగా."

"నీదే అని నేనూ అంటున్నానుగా."

గొంతులు లేచాయి. కూతురు దగ్గి, పాఠం ముగించింది.

వేళ మించిపోతోంది. కెమెరాలోని కార్డు తీసి కంప్యూటరులో పెట్టి, మొదట్లో తన నమస్కారం వరకు చూసుకుని, బాగుందనుకుని పంపేసింది. కంచాలు పెడుతూ మిగతాది కూడా చూద్దామని ఆడించింది. తెర నిండా ఒక ముక్కు వచ్చింది.

"ఎవరిదమ్మా అది?" అన్నాడు తండ్రి.

ఎవరిదో కాసేపటికి ఆయనకే తెలిసింది. దాని పక్కన మేనమామ చెవి ఉంది. తరువాత రెండు ముఖాలూ పూర్తిగా వచ్చి, చివరిదాకా కదల్లేదు. పాఠం వెనకాల వినబడుతూనే ఉంది. కూతురి చేతులు గానీ, కాలరు గానీ లేవు. ఫొటో గొడవ మాత్రం పొల్లు పోకుండా ఉంది.

మేనమామ దారప్పోగులాంటి వైరు తీసి కలిపాడు. ఫోనులో కెమెరా చూపు వెంటనే వచ్చింది. తన వైరు రెండు కొసలూ తిప్పి చూసుకున్నాడు. "ఇది చార్జింగుకే పనికొస్తుంది," అన్నాడు, ఎవరో లాగిన లైనులో తప్పు పట్టినట్టు.

కూతురు ముందుగదిలోకి వెళ్ళింది. మిషను మీద గుడ్డ కప్పింది. అది చూసి మేనమామ ఆగలేకపోయాడు. కేంద్రానికి ఫోను చేసి, ఆ వీడియో దయచేసి ఎవరూ చూడొద్దని, అందులో తమ ఇంటి విషయాలు ఉన్నాయని వేడుకున్నాడు. కేంద్రం అధికారిణి ముందు చూడవలసిన వీడియోలు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ పక్కకు నెట్టి ఆమె దాన్నే తెరిచింది.

వాళ్ళు అన్నాలు కెలుకుతూ కూర్చున్నప్పుడు ఆమె నుంచి ఫోను వచ్చింది. మేనమామ అందరికీ వినబడేలా పెట్టాడు.

"బట్ట గానీ, మీ చేతులు గానీ ఎక్కడా కనపళ్ళేదమ్మా," అంది అధికారిణి.

"ఇంకోసారి తీసి పంపుతామండీ," అంది కూతురు.

"అక్కర్లేదు. పొద్దుట్నుంచీ చేతులే చూస్తున్నాను. అందరివీ బాగానే ఉన్నాయి. నేర్చుకునేవాళ్ళ ముఖాలు ఎవరూ చూపించలేదు. మీ పెద్దవాళ్ళిద్దరికీ మొదట్లో ఏమీ తెలీదు. అది ముఖాల మీదే ఉంది. తర్వాత తెలిసింది. అదీ ముఖాల మీదే ఉంది. కెమెరా తమని చూస్తోందని తెలిస్తే అంత నిజంగా ఉండరు." కాగితాల చప్పుడు వినబడింది. "మిషన్లు అక్కడే ఉంటాయి. క్లాసు మొదలుపెట్టుకోండి."

మేనమామ ఫోనును బావ వైపు జరిపాడు.

"ఇంతకీ ఏ ఫొటో పెట్టారు?" అంది అధికారిణి.

సాయంత్రం ముందుగదిలో మిషను మళ్ళీ తిరిగింది. గడియారం చప్పుడు ఎవరికీ వినబడలేదు. గోడకు రెండో మేకు కొట్టారు. ఏ ఫొటో కుడివైపు ఉండాలన్న దగ్గర బావాబావమరుదులకు మళ్ళీ మాటలు ఆగిపోయాయి, రాత్రి భోజనం దాకా.