తబిత అత్త కొన్న సీజరు నాణెం

‘నేరమా, నాంపల్లి దాటి పోలేవు. ఇక్కడ నేనున్నాను.’

సామ్ సుందర్ తన విజిటింగ్ కార్డు మీద ఇలా అచ్చు వేయించుకున్నాడు. కింద ‘డిటెక్టివ్’ అని ఉంటుంది. అడ్రసు మాత్రం వాళ్ల నాన్న టైలర్ షాపుది. నేను అంజన్‌ని, అతని అసిస్టెంటుని. 2004 నాటికి మేం ఛేదించిన కేసు ఒక్కటే, పోయిన గొడుగుది. తీరా చూస్తే అది సామ్ చంకలోనే ఉంది.

రెండో కేసు అతని మేనత్త తబిత తెచ్చింది. ఆవిడ సండే స్కూల్ టీచర్. ఆబిడ్స్‌లో ఓ నెట్ సెంటర్‌లో కూర్చుని, ఏ దేశంలోనో ఉన్నవాడి దగ్గర రోమన్ వెండి నాణెం కొన్నది. యేసుప్రభువు కాలపు సీజరుది, గ్యారంటీ అని వాడు రాశాడట. కోత పండుగ నాడు వాళ్ల చర్చిలో గుమ్మడికాయల నుంచి కేకుల దాకా అన్నీ వేలం వేస్తారు. ఈసారి సీజరునే వేలానికి ఇస్తానని అత్త అందరి ముందూ చెప్పేసింది. ఇంటికొచ్చాక భయం పట్టుకుంది.

“రేపే పండుగ. నకిలీదైతే దేవుని ఇంట్ల నేను మోసం జేసినట్లు గాదారా సామూ? జర నిజమేందో తేల్చు.”

నాణెం మీద సీజరుకు వంకర ముక్కు, మెడ మీద ఓ గాటు. సామ్ దాన్ని నేల మీద మోగించాడు, కొరికాడు, కళ్లు మూసుకుని వాసన చూశాడు.

“ఫికర్ జెయ్యకత్తా. మురికి అబద్ధం చెప్పదు. గింత మురికి పట్టాలంటే రెండు వేల ఏండ్లు గావాలె.”

“నీ బనియన్‌కు వారంలనే పట్టింది గదరా.”

దాంతో వెండో కాదో కంసాలికి చూపించి రావాలని బయల్దేరాం. చినుకు లేకపోయినా సామ్ రెయిన్‌కోటు వేసుకున్నాడు, డిటెక్టివ్‌లకు అది యూనిఫారమట. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గరికొచ్చి జేబులో చెయ్యి పెడితే నాణెం లేదు. సామ్ మిగతా జేబులు కూడా తడిమాడు. అంతలోనే కళ్లు మెరిశాయి. ఫుట్‌పాత్ మీద బాలమల్లు అనే అతను బెల్టులు, కీచైన్లు పరుచుకుని అమ్ముతున్నాడు. వాటి మధ్య మన సీజరు. అదే వంకర ముక్కు, మెడ మీద అదే గాటు.

“దొంగ దొరికిండు,” అని సామ్ ఆ గుడ్డ మీద పడ్డాడు. బాలమల్లు అతని కాలరు పట్టి గుంజాడు. రెయిన్‌కోటు లైనింగు పర్రున చినిగింది. జేబు చిల్లులోంచి అందులోకి పడ్డ అత్త నాణెం జారి, రెండో దాని పక్కనే పడింది. రెండు సీజర్లు, రెండు వంకర ముక్కులు, రెండు మెడల మీదా ఒకే గాటు.

“డబ్బాల ఇంక మస్తున్నయన్నా,” అన్నాడు బాలమల్లు. “ఎన్ని గావాలె?”

సామ్ పొంగిపోయాడు. అత్తకు నసీబు ఉంటే ఇలాగే ఉంటుందట, ఒకటి వెతికితే రెండు అసలువి దొరికాయట. నేను తల పట్టుకున్నాను. ఆ కాలంలో నాణేలను ఒక్కొక్కటిగా సుత్తితో కొట్టి చేసేవాళ్లని, ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవని, గాటుతో సహా కలిశాయంటే రెండూ ఒకే మూసలో పోసిన నకిలీలేనని చెప్పాను. సామ్ గంభీరంగా తలూపాడు.

“నాకెప్పుడో ఎరుకే. అందుకే కావాలని లైనింగుల దాచిన.”

సంగతి విని అత్త నాణేన్ని కొంగున ముడేసుకుంది. మర్నాడు గుమ్మడికాయల వేలం అయ్యాక మైకు ముందుకు వెళ్లింది. తను మోసపోయానని, ఇది సీజరుది కాదని, మేనల్లుడు సామ్ కనిపెట్టాడని, ఇష్టమున్నవాళ్లు పాడుకోవచ్చని చెప్పింది. ఒక్కరూ పాడలేదు.

ఆ కనిపెట్టింది తనేనని అందరికీ తెలియాలిగా, సామ్ లేచి చెయ్యెత్తాడు. వేలం వేస్తున్న ఆనంద్ పాల్ అంకుల్ “బ్రదర్ పాడిండు, వందనాలు,” అన్నాడు. సామ్ కంగారుగా చెయ్యి ఊపాడు. పాట పెరిగింది. కాదు కాదని రెండు చేతులూ ఊపాడు. అంకుల్ వాటిని రెండు పాటలుగా లెక్కపెట్టి గంట కొట్టేశాడు.

బయటికొచ్చాక అత్త నవ్వుతూ నాణేన్ని సామ్ చేతిలో పెట్టింది.

“ఇప్పుడు నా పానం నిమ్మలమైంది సామూ. నకిలీదని ఎరిగి ఎరిగి కొన్నోన్ని మోసం జేసినట్లు గాదు గదరా.”